సూదక్క అంటించిన రెండు లేబుళ్ళు

ఆసుపత్రి కింది అంతస్తులో, లిఫ్టు పక్కన ఉన్న ఇరుకు గదిలో ఆమె కూర్చునేది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ సూదక్కే. నరం దొరకని ముసలివాళ్ళని, మందులు ఎక్కీ ఎక్కీ చేతులు కమిలిపోయినవాళ్ళని, సూది చూస్తేనే కళ్ళు తేలేసే మగవాళ్ళని పై అంతస్తులవాళ్ళు ఆమె దగ్గరికే పంపేవారు. ఆమె రెండు వేళ్ళతో మోచేతి మడత మీద నొక్కి, చూపు ఎటో పెట్టి, వాళ్ళింటి సంగతులేవో అడుగుతూ ఉండగానే పని అయిపోయేది. "ఇంకా గుచ్చలేదా అమ్మా?" అన్నవాళ్ళ చేతిలో దూది పెట్టి, "గట్టిగా అదిమి పట్టుకో, కబుర్లు తర్వాత" అనేది.

ఆమెకి ఒక శాసనం ఉంది. కుర్చీలోంచి మనిషి లేవకముందే ట్యూబుకి లేబులు పడాలి. పేరు వాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలి, మనం చెప్పి తల ఊపించుకోకూడదు. ఒక్క ట్యూబు కూడా లేబులు లేకుండా బల్ల మీద ఉండకూడదు, జేబులోకి వెళ్ళకూడదు. కొత్తగా చేరినవాళ్ళు ఇందులో ఏ ఒక్కటి తప్పినా, ఆ రక్తాన్ని వాళ్ళ కళ్ళముందే పారబోసి, ఆ మనిషిని మళ్ళీ పిలిపించి, "నేను తప్పు చేశాను, ఇంకోసారి గుచ్చుతాను" అని వాళ్ళ చేతే చెప్పించేది. ఆ ఒక్క మాట అన్నవాళ్ళు మళ్ళీ జన్మలో మర్చిపోయేవారు కాదు.

ఆమె భర్త ఫ్రిజ్ మెకానిక్. పెళ్ళికి ముందు, ల్యాబులో ఫ్రిజ్ చల్లబడటం లేదంటే బాగుచెయ్యడానికి వచ్చి, స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి ట్యూబుల అర మీద పెట్టాడు. "ఇదేమైనా మీ షాపు గట్టు అనుకున్నారా?" అని ఆమె విరుచుకుపడింది. ఆయన స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకుని, ఫ్రిజ్ బాగుచేసి, వారం తిరక్కుండా ఎవరూ పిలవకుండానే మళ్ళీ వచ్చి, ఫ్రిజ్ ఎలా ఉందని అడిగాడు. అలా కుదిరింది. "బయటివాళ్ళకి సూదక్క, నాకు ఉత్త సూదే" అని ఆయన నలుగురిలో అంటే, "గుచ్చాల్సినచోట గుచ్చకపోతే మీరు మనుషుల్లో పడేవారా?" అని ఆమె అనేది. పిల్లలు కలగలేదు. ఆమె తమ్ముణ్ణి చిన్నప్పుడే తెచ్చుకుని పెంచారు. అతనిప్పుడు బడి వ్యాను నడుపుతూ, రెండు వీధుల అవతల కాపరం ఉంటూ, పొద్దున ట్రిప్పు కాగానే అక్క ఇంట్లో టీ తాగి వెళ్తాడు.

ఆమె ఉద్యోగం గడువు తీరినా ఆసుపత్రివాళ్ళు వదల్లేదు. ఏడాదికోసారి కాగితం మార్చి కూర్చోబెట్టారు.

ఆ రోజుల్లోనే మెదడు డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. వయసు మీద పడ్డ కొందరికి మెదడులోని సన్నటి రక్తనాళాలు కొంచెం కొంచెంగా పూడుకుపోతాయి. పక్షవాతంలా ఒక్కసారి పడెయ్యదు. మనిషి ఆలోచనలో నిదానిస్తాడు, అంతే. ఇంట్లోవాళ్ళు పసిగట్టేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ నష్టం జరుగుతున్నప్పుడు రక్తంలోకి కారే కొన్ని ప్రొటీన్లని కొలిచి, ముందే కనిపెట్టగలమా అన్నది డాక్టరమ్మ ప్రశ్న. దానికి ఒక పక్క అప్పటికే నిదానించినవాళ్ళు కావాలి, ఇంకో పక్క అదే వయసులో ఏ లోపమూ లేనివాళ్ళు కావాలి. మొదటి రకంవాళ్ళు ఆసుపత్రి నిండా ఉన్నారు. రెండో రకంవాళ్ళే కరువయ్యారు. ఒంట్లో బాగున్నవాడు ఆసుపత్రి గడప ఎందుకు తొక్కుతాడు? అందుకని పనిచేసేవాళ్ళందరినీ ఇంటి పెద్దవాళ్ళని పట్టుకురమ్మన్నారు.

"సంతకి తోలుకెళ్తున్నావా అక్కా బావని?" అన్నాడు తమ్ముడు.

"నీకూ అరవై దాటి ఉంటే నిన్నూ తోలేదాన్ని."

"నాకు దాటినా తీసుకోరు. లోపం లేనివాళ్ళే కదా కావాలి?"

"అది నిజమే" అంది ఆమె. మెకానిక్ నవ్వుతూ స్కూటరు తీశాడు.

ఆ పొద్దున ఆమె ఆయన రక్తం తీసింది. తర్వాత అదే కుర్చీలో తను కూర్చుని, పక్క సీట్లో పనిచేసే ఆవిడ చేత తనదీ తీయించుకుంది. రెండు ట్యూబులు, ఊదారంగు మూతలు, ఒకదాని పక్కన ఒకటి. ఈ పరిశోధనలో పేర్లుండవు, వరస నంబర్లే. భార్యాభర్తలకి పక్కపక్క నంబర్లు వచ్చాయి. ఆమె లేబుళ్ళ కాగితం అందుకోబోతుంటే లోపలి గదిలో రక్తం తిప్పే మెషిను ఒక్కసారిగా దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె రెండు ట్యూబులూ కోటు జేబులో వేసుకుని పరిగెత్తింది. మెకానిక్ కూడా చొక్కా చెయ్యి దించుకుంటూ వెనకే వెళ్ళి, ప్లగ్గు పీకి, మూత తెరిచి, ఒక పక్కే బరువు పెట్టారని చూపించాడు. తిరిగొచ్చాక ఆమె జేబులోంచి రెండూ తీసి, ఒకటి ఎడమచేత్తో, ఒకటి కుడిచేత్తో పట్టుకుని ఒక్క క్షణం చూసి, లేబుళ్ళు అంటించింది.

ఆయన అది చూశాడు. దొరికింది పిట్ట అనుకున్నాడు. శాసనం రాసినావిడే తప్పింది, ఇంటికెళ్ళాక ఈ ఒక్క సంగతితో నెల్లాళ్ళు ఆడుకోవచ్చు. ఈలోగా ఎవరినో చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు, ఆయన పక్కకి తప్పుకున్నాడు. సాయంత్రం ఎవరింట్లోనో ఫ్రిజ్ గ్యాస్ కారిపోయిందని ఫోను వచ్చింది. ఆ మాట అలా మరుగున పడిపోయింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఇంట్లో ఉప్పు మాయమైంది.

మొదటి రోజు మర్చిపోయిందనుకున్నాడు. రెండో రోజు అడిగితే, "ఈ వయసులో ఇంత చాలు" అంది. తర్వాత సాయంత్రం నడక వచ్చింది. ఆయన స్కూటరు తాళంచెవి దాచి, బజారుకి నడిపించడం వచ్చింది. ఆ తర్వాత ప్రశ్నలు.

"మొన్న రాత్రి ఏం కూర తిన్నారు?"

"ఉప్పు లేని కూర."

"వేళాకోళం కాదు. ఏం కూర?"

"ఉప్పు లేకపోతే అన్నీ ఒకటేలే, తెలీలేదు."

ఆమె నవ్వలేదు. ఒక కాగితం తెచ్చి ముందు పెట్టి, గుండ్రంగా గీసి గడియారం అంకెలు వెయ్యమంది. ఆయన వేశాడు. ముళ్ళు ఫలానా చోట పెట్టమంది, పెట్టాడు. అప్పుడే టీకి వచ్చిన తమ్ముడు గుమ్మంలో నిలబడి, "ఏంటి బావా, ఒకటో తరగతిలో వేశారా నిన్ను?" అన్నాడు.

"పాసయితే ఉప్పేస్తుందట మీ అక్క."

తమ్ముడు నవ్వాడు. సూదక్క కాగితం మడిచి లోపలికి పట్టుకుపోయింది. ఆ మడవడంలో ఏదో ఉంది. మెకానిక్ వెనకే వంటగదిలోకి వెళ్ళాడు.

"ఏంటోయ్ సంగతి?"

"ఏం లేదు."

"ఇన్నేళ్ళలో నువ్వు నా పరీక్ష ఒక్కటి దిద్దకుండా వదల్లేదు. ఇప్పుడు పూర్తిగా రైటేసినా నీ ముఖంలో వెలుగు లేదు. చెప్పు."

ఆమె గిన్నె కడుగుతూనే చెప్పింది. పరిశోధన తాలూకు మొదటి లెక్కలు వచ్చాయి. బాగున్నవాళ్ళ గుంపులో ఒకే ఒక్క నంబరు మిగతావాటికి చాలా పైన నిలబడింది, అప్పటికే నిదానించినవాళ్ళ అంకెల మధ్య పెట్టినా తేడా తెలియనంత పైన. డాక్టరమ్మ దాని చుట్టూ సున్నా చుట్టింది. అది ఎవరిదో డాక్టరమ్మకి తెలియదు, తెలుసుకోకూడదు. ఏ ఒక్కరికీ వాళ్ళ ఫలితం చెప్పకూడదన్నది నియమం, ఎందుకంటే ఈ అంకె గుంపుకి అర్థమవుతుందేమో గానీ ఒక మనిషి గురించి ఏం చెబుతుందో ఇంకా ఎవరికీ రూఢిగా తెలియదు. కానీ నమూనాలు సర్దడానికి వెళ్ళిన సూదక్క ఆ నంబరు చూసింది. చూడగానే గుర్తుపట్టింది.

"నాదా?" అన్నాడు.

ఆమె కుళాయి కట్టేసింది. జవాబు అదే అయింది.

"దానికి మందు?"

"దానికని లేదు. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలి. నడవాలి. నిద్రపోవాలి. పోయింది తిరిగి రాదు, పోయేదాన్ని నెమ్మది చెయ్యడమే."

ఆయనకి అది తన పనిలోంచే అర్థమైంది. ఫ్రిజ్‌లో వెంట్రుకంత కన్నం ఉన్న రాగి గొట్టం ఒకటుంటుంది. అందులో మడ్డి పేరుకుంటుంది. ఫ్రిజ్ ఆగిపోదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది. చల్లదనం మాత్రం రోజుకింత తగ్గుతుంది. పాలు విరిగిన రోజున గానీ ఇంట్లోవాళ్ళకి తెలియదు. అయితే ఆ గొట్టం కోసి పారేసి కొత్తది వెయ్యొచ్చు.

"ఏం గమనించుకోవాలి నేను?" అని అడిగాడు.

"మతిమరుపు అనుకుంటారు అందరూ. మొదట అది కాదు. చేస్తున్న పని అయ్యాక తర్వాతది ఏంటో తట్టదు. ఆగిపోతారు. ముందు రెండు నిమిషాల్లో అయ్యే ఆలోచన పదినిమిషాలు పడుతుంది. చిరాకు పడతారు, లేకపోతే ఏదీ పట్టనట్టుంటారు."

ఆ రోజు నుంచి ఆయన తన మీద తనే కాపలా పెట్టుకున్నాడు. ఎవరింట్లోనో ఫ్రిజ్ వెనక చేరి మరలు విప్పుతూ, ఇది విప్పాక ఏది విప్పాలి అని తనని తను అడిగేవాడు. అడిగేసరికి చెయ్యి ఆగిపోయేది. అడక్కపోతే చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. ఆగింది భయం వల్లా, గొట్టం పూడటం వల్లా అన్నది తెలిసే దారి లేదు. ఒకచోట పని ముగించి డబ్బు తీసుకోకుండా మెట్లు దిగిపోతే ఇంటావిడ కేకేసి పిలిచింది. ఇదివరకైతే నవ్వుకుని మర్చిపోయేవాడు. ఈసారి ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు.

తనని గమనించుకోవడం కోసం పెట్టుకున్న చూపు పక్కకి తిరగడం ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. సూదక్క పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కూర ఉడుకుతోంది. ఆమె దాన్ని చూస్తోంది. దించాల్సిన సమయం దాటింది, అడుగంటిన వాసన వస్తోంది, ఆమె చూస్తూనే ఉంది. "ఏమోయ్" అంటే ఉలిక్కిపడి దించింది. ఇంకోరోజు ఆసుపత్రికి బయల్దేరి, చెప్పులు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, తలుపు దగ్గర ఆగింది. ఏదైనా మర్చిపోయావా అంటే, "లేదు" అని ఇంకాసేపు ఆగింది. తమ్ముడు జోకేస్తే ఠకీమని తిప్పికొట్టే మనిషి, ఈ మధ్య అతను వ్యాను తోలుకుని వెళ్ళిపోయాక, ఊరికే గోడవైపు చూస్తూ, అతనికి చెప్పాల్సిన జవాబు చెబుతోంది. జవాబు మంచిదే. వినాల్సినవాడు వీధి దాటేశాడు.

అప్పుడు ఆయనకి కోటు జేబు గుర్తొచ్చింది. ఎడమచేతిలో ఒకటి, కుడిచేతిలో ఒకటి.

పక్కపక్క నంబర్లు. ఎవరి ట్యూబుకి ఎవరి లేబులు పడిందో ఎవరు చెప్పగలరు? తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. అసలు ఆ జేబు సంగతి నిజంగా జరిగిందా? జరిగి ఉంటే ఆ అంకె ఆమెది కావొచ్చు. జరగనిది జరిగినట్టు తను కల్పించుకుంటే, అప్పుడు ఆ అంకె తనదే, ఈ కల్పనే దానికి సాక్ష్యం.

పొద్దున ట్రిప్పు అయ్యాక తమ్ముణ్ణి వీధి చివర వ్యాను దగ్గరే పట్టుకున్నాడు. వెనక సీట్లలో పిల్లలు వదిలేసిన నీళ్ళ సీసా ఒకటి దొర్లుతోంది. అంతా చెప్పాడు. తమ్ముడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"అక్క లేబులు తప్పు అంటించిందా? బావా, మా అక్క పెళ్ళిపీటల మీద నిన్ను కూడా పేరడిగి నిర్ధారించుకున్న మనిషి."

"తప్పని కాదురా. తర్వాత అంటించింది. నేను చూశాను."

"చూశావు సరే. ఇన్నాళ్ళూ గుర్తురానిది, ఆ అంకె నీదని తెలిశాకే ఎందుకు గుర్తొచ్చింది?"

మెకానిక్ చెయ్యి చాపి దొర్లుతున్న సీసాని సీటు మూలకి నెట్టాడు.

"నాకు నీమీద అనుమానం లేదు బావా" అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి. "నీ చోట నేనున్నా, నాది కాకపోతే బాగుండనే అనుకుంటాను. అందుకే అడిగాను."

"అదే నన్ను నేనూ అడుగుతున్నాను."

"అక్కకి చెప్పకు. ఆ ఉద్యోగం తీసేస్తే అక్కలో ఏం మిగులుతుంది? నీకు సేవ చేస్తున్నానన్న పట్టుదలతో ఉంది. ఉండనీ."

ఆయన చెప్పలేదు. ఉప్పు లేని కూడు తిన్నాడు, నడిచాడు, అడిగిందానికల్లా జవాబు చెప్పాడు. తన బీపీ కొలిచినప్పుడల్లా "నీది కూడా చూసుకో" అనేవాడు. "నాకేం, రాయిలా ఉన్నాను" అనేది ఆమె. ఊరందరి చేతులకీ పట్టీ చుట్టిన మనిషి తన చేతికి చుట్టుకుని ఎన్నేళ్ళయిందో. బీపీ ఉంటే ఇప్పుడే మాత్ర పడాలి. ఆ మాటా తనకి చెప్పింది ఆమే. పోయింది తిరిగి రాదు. రోజూ పొద్దున ఆమె ఆసుపత్రికి బయల్దేరుతుంటే ఆయనకి కుర్చీలో కూర్చున్న ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కనిపించేవాడు. వాడి రక్తం, ఇంకెవరిదో లేబులు. లేని జబ్బుకి మందు మింగేవాడు ఒకడు, ఉన్న జబ్బు తెలియక తిరిగేవాడు ఒకడు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతుంటే, ఎదురుగా కూర్చుని చెప్పాడు. మెషిను దడదడలాడటం, జేబు, రెండు చేతులు, అన్నీ. గొంతు పెంచలేదు. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చూసుకున్నాడు.

ఆమెకి కోపం వస్తుందనుకున్నాడు. దానికి సిద్ధపడే ఉన్నాడు. కోపం రాలేదు. చేతిలో ఉన్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది. ఆసుపత్రిలో, కొడుకుని తమ్ముడనుకునే ముసలాయన మాట్లాడుతుంటే ఆమె అలా చూడటం ఆయన ఎరుగును.

"లేబులు నేను తర్వాత అంటించానా?" అంది మెల్లిగా.

"అవును."

"మెషిను దడదడలాడింది నాకూ గుర్తుంది. దానికి ముందే అంటించేశాను. మీరు చొక్కా దించుకుంటున్నారు, చూసి ఉండరు." ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "పరవాలేదులెండి. ఇలా ఒకదానికొకటి కలుస్తాయి. మీరేం కంగారు పడకండి."

"నేను కంగారు పడటం లేదే."

"సరే, పడటం లేదు."

ఇక వాదించి లాభం లేదని ఆయనకి అర్థమైంది. ఎంత వాదిస్తే అంత రోగిష్టివాడవుతాడు. అయితే ఆ జాలి ఒక పని చేసింది. మర్నాడే ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళింది, నియమం తప్పి నంబరు చూశానని ఒప్పుకుంది, మా ఆయన జరగనివి జరిగినట్టు చెబుతున్నాడండీ అంది.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

చెప్పాడు. ఆదివారం చెప్పినట్టే. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. మందలింపుగా ఒక్క మాటా అనలేదు, అదే సూదక్కకి ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. "ఇద్దరిదీ మళ్ళీ తీద్దాం" అంది. "వేరేవాళ్ళు తీస్తారు. లేబులు నేను వేస్తాను. ఒక అంకెని పట్టుకుని నేనేదీ తేల్చి చెప్పను, ముందే చెబుతున్నాను."

రక్తంతో పాటు ఇద్దరి బీపీ కొలిచారు. ఆయనది బాగానే ఉంది. ఆమెది కొలిచినావిడ పట్టీ విప్పి, ఇంకోసారి చుట్టి, మళ్ళీ కొలిచి, డాక్టరమ్మకి చూపించింది. మాత్రలు ఆ రోజే రాశారు. "మెట్లెక్కి వచ్చాను కదా, అందుకు" అంది సూదక్క. లిఫ్టులోనే వచ్చారు.

ఫలితం రావడానికి పట్టినన్నాళ్ళూ ఆమె ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన తనది కాకూడదని కోరుకునేవాడు. ఆ వెంటే, అయితే ఎవరిది కావాలని కోరుకుంటున్నావురా అని తన్ను తాను తిట్టుకునేవాడు. ఇద్దరిదీ కాకుండా పోవచ్చుగా, మెషినే తప్పు చదివి ఉండొచ్చుగా అని తమ్ముడు అన్నాడు. ఆ ఆశ మీద ముగ్గురూ కొన్నాళ్ళు గడిపారు.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆయన అంకె మామూలుగా ఉంది. ఆమెది పైన ఉంది, మొదటిసారి సున్నా చుట్టినంత పైన. "దీని అర్థం ఫలానా రోజుకి ఫలానా అవుతుందని కాదు. కొందరికి ఏళ్ళ తరబడి ఏమీ కాదు. స్కానింగు తీద్దాం. బీపీ మాత్రం చాలాకాలంగా ఉన్నట్టుంది. అది మన చేతిలో ఉన్నది. ఏడాది తర్వాత మళ్ళీ రక్తం చూద్దాం."

"ఏడాది దాకా?" అన్నాడు మెకానిక్.

"మాత్రలు, నడక, నిద్ర, ఉప్పు తగ్గించడం. ఇంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదండీ. ఉంటే దాచుకోను."

సూదక్క దాని గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "అయితే ఆ రోజు లేబులు నేను తర్వాతే అంటించాను" అంది.

"అలాగే కనిపిస్తోంది."

"అప్పట్నుంచీ నేను తీసినవన్నీ పారేయండి మేడమ్. అందరినీ మళ్ళీ పిలవండి. నేనే చెబుతాను, నేను తప్పు చేశాను, ఇంకోసారి గుచ్చుతామని."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "పరిశోధనవైతే పక్కన పెట్టగలను. మిగతావి? రోజుకి ఎంతమంది మీ చేతిమీదుగా వెళ్ళారో మీకు తెలుసు. వాళ్ళు రిపోర్టులు పట్టుకుని ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు. ఏది తప్పో, అసలు ఇంకొకటైనా తప్పుందో లేదో, ఎలా తెలుస్తుంది?"

"ఎలాగైనా తెలియాలి కదండీ."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. మెకానిక్ భార్య చేతులు చూశాడు. అవి ఒళ్ళో ఒకదానినొకటి పట్టుకుని ఉన్నాయి, దూది అదిమిపెట్టినట్టు. తనది కాదని తెలియగానే లోపల ఏదో తేలికైంది. ఆ తేలిక ఎక్కడ దాచుకోవాలో ఆయనకి తెలియడం లేదు.

తనంతట తనే ఆమె ఉద్యోగం మానేసింది. సన్మానం అంటే వద్దంది. కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, పక్క సీటావిడకి ఇచ్చి వచ్చింది. తమ్ముడు రోజూలాగే టీకి వచ్చి, ఏవేవో జోకులేసి, జవాబు కోసం కాసేపు ఆగడం నేర్చుకున్నాడు. ఒక్కోసారి జవాబు వచ్చేది. రానప్పుడు గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళేవాడు. వ్యాను ఎక్కాక వెంటనే స్టార్టు చేసేవాడు కాదని మెకానిక్ కిటికీలోంచి చూసేవాడు.

ఒకరోజు మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నప్పుడు ఆమె అంది:

"మీరు చెప్పిన రోజు మీమీద జాలిపడ్డాను."

"పోనీలే."

"నిజంగా గుర్తులేదండీ నాకు. ఇప్పటికీ గుర్తులేదు. ముందే అంటించినట్టే కళ్ళకి కట్టినట్టుంది. కావాలంటే ఏ చేత్తో అంటించానో కూడా చెబుతాను." తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో."

"లేవులే" అందామనుకున్నాడు. ఆమె రోగులకి ఎన్నడూ ఊరికే ఏమీ కాదని చెప్పలేదు. అలా చెప్పేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళుమంట.

ఆ వారంలోనే పై వాటా కోడలు తలుపు కొట్టింది. వాళ్ళ మామగారు మంచం దిగలేడు. ఎప్పుడు రక్తం తీయాల్సి వచ్చినా సూదక్కే సంచి పట్టుకుని పైకెళ్ళి తీసేది, ల్యాబులో తనే ఇచ్చేది.

"అక్కా, డాక్టరు మళ్ళీ రాశాడు. ఎప్పుడొస్తారు? వేరేవాళ్ళు గుచ్చితే ఆయన ఒకటే గోల."

సూదక్క అలవాటుగా సంచి ఉన్న మూలకి నాలుగడుగులు వేసింది. అక్కడ ఆగింది. ఏది తీసుకోవాలో తెలియక ఆగిందో, తీసుకోకూడదని ఆగిందో వెనకనించి మెకానిక్‌కి తెలియలేదు. నేను కూడా పైకి వస్తాను, లేబులు నేను అంటిస్తాను, నువ్వు గుచ్చు చాలు అనాలని ఉంది. ఆ మాట అంటే ఆమెని నమ్మనట్టు, అనకపోతే వదిలేసినట్టు, రెండూ ఒకలాగే అనిపించాయి.

"ల్యాబువాళ్ళని ఇంటికి పంపమని అడగమ్మా" అంది ఆమె చివరికి. "వస్తారు. తీశాక, అక్కడే, మీ మామగారి ఎదురుగానే పేరు రాయమను. రాసేదాకా కదలనివ్వకు."

"మీరు మానేశారా అక్కా?"

"మానేశాను."

ఆ అమ్మాయి ఇంకేదో అడగబోయి, మెకానిక్ ముఖం చూసి, "సరే అక్కా" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. సూదక్క తలుపు వేసింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంది. ఎడమ పక్క వంటగది, కుడి పక్క పడకగది. అటు వెళ్తుందా ఇటు వెళ్తుందా అని ఆయన చూస్తూ నిలబడ్డాడు. పిలిస్తే తిరుగుతుంది, ఆయనకి తెలుసు. తనంతట తను తిరగాలని పిలవకుండా ఆగాడు. ఆమె ఇంకా తలుపువైపే ఉంది.